డిక్కీలో కొలువై ఉన్న స్టెప్నీ గారికి

మహారాజశ్రీ స్టెప్నీ గారి దివ్య సముఖానికి, మీ కారు ఓనరు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం. మీ క్షేమ సమాచారం మాత్రం పోయిన నెల దాకా నాకు తెలియదు. పదకొండేళ్లుగా ఒకే కారులో తిరుగుతున్నాం, నేను ముందు, మీరు వెనక. ఒక్కరోజైనా డిక్కీ తెరిచి "అయ్యా, గాలి సరిపోతోందా?" అని అడిగిన పాపాన పోలేదు. తప్పు నాదే. కానీ మీరైనా చెప్పొచ్చు కదండీ. హారన్ పోతే మూగబోయి చెబుతుంది, బ్రేకు పోయే ముందు కీచుమంటుంది, సైలెన్సరైతే ఊరంతా చెబుతుంది. మీరు మాత్రం ఒంట్లో చుక్క గాలి లేకపోయినా అదే గుండ్రటి మొహం, అదే నిండు విగ్రహం. పైన బరువు పడని టైరు గాలి పోయినా చెక్కుచెదరకుండా కనిపిస్తుందన్న సంగతి నాకు యాభై రెండేళ్ల వయసులో, రోడ్డు పక్కన, చీకట్లో తెలిసింది.

మన కారు 1962 మోడల్. కంపెనీ పేరు రాయను. జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు, అనవసరంగా ముసలితనంలో దాని పరువు తీయడమెందుకు. ఆ రోజుల్లో డిక్కీ అంటే ఒక చిన్న గది. ఆ గదిలో కుడివైపున మీరు వెల్లకిలా పవళించారు. మీ నడిమధ్య కన్నంలోంచి నేలకు బిగించిన ఒక కొక్కెం బోల్టు పైకి వస్తుంది. దాని మీద ఒక పళ్లెం లాంటి రేకు, ఆ రేకు మీద రెండు రెక్కల వింగ్ నట్టు. మీ కింద జాకీ, జాకీ పక్కన దాని పీఠం, పీఠం మీద వీల్ పానా, ఆ పక్కన గుడ్డసంచిలో కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవర్లు. మీ పైన గళ్ల తొడుగు. తొడుగు మీద కార్పెట్. కార్పెట్ మీద మా సూట్‌కేసులు. ఇల్లరికపు అల్లుడు హాల్లో మంచం వేసుకున్నట్టు ఇంటిల్లిపాదీ మీ చుట్టూ ఒదిగి తిరగాలి తప్ప, మిమ్మల్ని లేపకూడదు, జరపకూడదు, పని చెప్పకూడదు.

మీ వంశం గొప్పది, కాదనను. కార్లు కొత్తగా వచ్చినప్పుడు బండికి చక్రం ఊడదీసి వేరేది పెట్టుకునే ఏర్పాటే ఉండేది కాదు. పంక్చరైతే దుమ్ములో చతికిలబడి, బండికున్న చక్రం మీదే టైరు పీకి, ట్యూబుకి అతుకేసి, మళ్లీ ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టుకోవాలి. 1904లో వేల్స్ దేశపు లనెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు ఒక ఉపాయం కనిపెట్టారు. స్పోకులు లేని ఉత్త రిమ్ముకి గాలి నింపిన టైరు ఎక్కించి, దాన్ని పంక్చరైన చక్రానికి పక్కనుంచి క్లాంపులతో బిగించేస్తే బండి ఇల్లు చేరుతుంది. వాళ్లు ఉన్న వీధి స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరే మీ పేరైంది. ఇంగ్లీషువాళ్లు స్పేర్ వీల్ అని మార్చేసుకున్నా తెలుగులో ఇప్పటికీ మీరు స్టెప్నీయే. బ్రెజిల్ వాళ్ల పోర్చుగీసు భాషలోనూ మీరు "ఎస్టెపి". ఒక సందు పేరు సముద్రాలు దాటి ఇంతకాలం బతికిందంటే మాటలా? తాతలు నేతులు తాగారు, నిజమే. మూతులు వాసన చూడమంటేనే ఇబ్బంది. మీ దగ్గర వచ్చేది పాత రబ్బరు కంపు, దానికి తోడు తడిసిన కార్పెట్ కంపు.

మీ చుట్టాలందరూ మీలా లేరు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో మీ తమ్ముడొకడు ముందు బానెట్ కింద ఉంటాడు. ఇంజను వెనక కాబట్టి ముందు భాగమే దాని డిక్కీ. 1960ల్లో ఆ కారు అద్దం కడిగే నీళ్లను చిమ్మడానికి విడిగా పంపు లేదు. స్టెప్నీలోంచి ఒక గొట్టం లాగి, ఆ గాలితోనే నీళ్లు చిమ్మించేవారు. ఉన్న గాలంతా అద్దం కడగడానికే ఊడ్చుకుపోకుండా మధ్యలో ఒక వాల్వు కూడా పెట్టారు. అంటే ఆ తమ్ముడు ఖాళీగా కూర్చునే ఉద్యోగంలో ఉండి కూడా పార్ట్‌టైమ్ పని చేశాడు. పైగా నీళ్లు చిమ్మడం ఆగిపోతే స్టెప్నీలో గాలి తగ్గిందని ఓనరుకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ మాత్రం ఉపకారం మీరు నాకు చేసి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

1955లో వచ్చిన సిత్రోయెన్ డీఎస్‌లో ఇంకో చుట్టం ఇంజనుకి ముందు, రేడియేటరుకి ఎదురుగా నిలబడి ప్రయాణిస్తాడు. డిక్కీ అంతా సామానుకే. ఆ కారుకి మామూలు జాకీ కూడా అక్కర్లేదు. నూనె, గ్యాసు ఒత్తిడితో పనిచేసే సస్పెన్షన్ కదా, బండిని తనంతట తనే పైకి లేపుకుంటుంది. పక్కన ఒక స్టాండు పెట్టి మళ్లీ కిందకి దింపమంటే చక్రాలు గాల్లోకి మడుచుకుంటాయి. ఇక మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్, ఆ రెక్కల తలుపుల కారు, అందులో మీ వాడు మీకన్నా పెద్ద జమీందారు. డిక్కీ దాదాపు మొత్తం అతనిదే, మనుషుల సూట్‌కేసులు సీట్ల వెనక ఇరుక్కోవాలి.

అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది లింకన్ కాంటినెంటల్ కథ. ఫోర్డ్ కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డ్ సొంతానికి తయారు చేయించుకున్న ఆ కారు వెనకాల స్టెప్నీని తొడుగేసి నిలబెట్టారు. అది జనానికి ఎంత నచ్చిందంటే, మిగతా కార్లవాళ్లు కూడా "కాంటినెంటల్ కిట్" అని కొని వెనక తగిలించుకున్నారు. ఆ తర్వాత కొన్ని కార్లలో డిక్కీ మూత మీద గుండ్రటి ఉబ్బు మాత్రమే మిగిలింది, ఆ ఉబ్బు కింద స్టెప్నీ లేదు. ఇది చదివి పగలబడి నవ్వాను. మా డిక్కీలో జరుగుతున్నదీ అదేనని అప్పట్లో తట్టలేదు.

నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. ఈ కారు కొన్న మొదటి ఏడాది డిక్కీలో మీతోపాటు కొన్ని నాటు వస్తువులు ఉండేవి. పాత ఓనరు పెట్టుకున్నవి. జాకీ పీఠం కింద వేసుకోవడానికి జానెడు వెడల్పు మందపాటి చెక్క, చక్రాలు దొర్లకుండా పెట్టే రెండు చెక్క ఆపులు, టార్చిలైటు, మోకాళ్ల కింద వేసుకునే పాత గోనె, కాలితో కొట్టే గాలి పంపు. ఆ ఏడాది పాత కార్ల ప్రదర్శనకి వెళ్లాం. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం పెట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చి డిక్కీలోకి తల దూర్చాడు. వింగ్ నట్టు చూశాడు. జాకీ పీఠం ఏ దిక్కుకు తిరిగి ఉందో చూశాడు. చెక్క ముక్కని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు ఎత్తి "ఇది ఫ్యాక్టరీ నుంచి రాలేదు కదా" అన్నాడు. మార్కులు కోశాడు.

రోషం వచ్చింది నాకు. ఇంటికి రాగానే ఫ్యాక్టరీ నుంచి రానిదల్లా బయట పారేశాను. చెక్క పోయింది, ఆపులు పోయాయి, టార్చి పోయింది, పంపు పోయింది. జాకీకి తుప్పు గీకించి నల్ల రంగు నిగనిగలాడేలా మూడు కోటింగులు కొట్టించాను. డిక్కీ మూతకి లోపలివైపు, జాకీ ఎలా వాడాలో, మళ్లీ ఎలా సర్దాలో బొమ్మలతో చూపించే పాత స్టిక్కరు ఉండేదని తెలిసి, అచ్చం అలాంటిదే తెప్పించాను. పాత ఫోటో ముందు పెట్టుకుని, స్కేలుతో కొలిచి, గాలి బుడగ రాకుండా అతికించడానికి ఒక ఆదివారం పట్టింది. దాని మీద ఏం రాసి ఉందో మాత్రం చదవలేదు. చదవడానికా తెచ్చింది?

మరుసటి ఏడాది ఆ పెద్దమనిషే వచ్చాడు. మీ తొడుగు తీసి, మీ పక్కన అక్షరాలు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఫ్యాక్టరీ టైరేనా?" "అవునండీ. ఇంతవరకు నేలకి తగల్లేదు" అన్నాను, కూతురి పెళ్లి మాట్లాడుతున్నంత గర్వంగా. ఆయన కళ్లలో తడి చూశాను. ఆ ఏడు మాకు కప్పు వచ్చింది. మీకే వచ్చిందనాలి.

ఇక పోయిన నెల. సాయంత్రం ఆరున్నర. వెలుతురు తగ్గుతోంది. కుడివైపు ముందు చక్రం టపటపమంది. రోడ్డు పక్క మట్టిలోకి దింపి ఆపాను. మా ఆవిడ "స్టెప్నీ ఉందిగా, పది నిమిషాల పని" అంది. అవునన్నాను. సూట్‌కేసులు దించి రోడ్డు పక్కన వరసగా పెట్టాం, ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లలాగా. కార్పెట్ లాగాను. తొడుగు తీశాను. వింగ్ నట్టు పట్టుకుని తిప్పాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి ఆ రెండు రెక్కల నట్టేనండీ. డిక్కీ చుట్టూ ఉండే సీల్ రబ్బరు ఎప్పుడో ఎండిపోయింది. ప్రతి వానకీ అందులోంచి నీళ్లు కారి, మీ పళ్లెం రేకు మీద నిలిచి, మరల్లోకి దిగి, నట్టునీ బోల్టునీ ఒకటి చేసేశాయి. బయటికి మాత్రం నట్టు తళతళా మెరుస్తోంది, ప్రదర్శన కోసం నేనే పాలిష్ పెట్టించాను కదా. బొటనవేలు ఎర్రబడేదాకా తిప్పాను. కదల్లేదు. ప్లేయరుతో పట్టుకుని తిప్పుదామనుకున్నాను. ప్లేయరు గుడ్డసంచిలో ఉంది. గుడ్డసంచి మీ కింద ఉంది. మీ మీద నట్టు ఉంది. తాళంచెవిని లోపల పెట్టి బీరువా మూసినవాళ్లని చూసి ఇన్నాళ్లు నవ్వాను.

చివరికి రాయి తీసుకుని రెక్కకి ఒక పక్క నుంచి నెమ్మదిగా కొట్టాను. నాలుగో దెబ్బకి కదిలింది. ఆ దెబ్బలకి బోల్టు కూడా కాస్త వంగింది, అది తర్వాత తెలిసింది. మిమ్మల్ని ఎత్తి బయట పెట్టేటప్పుడు నా నడుము కలుక్కుమన్న చప్పుడు మా ఆవిడకి కూడా వినిపించింది.

జాకీ బయటికి వచ్చింది. మనది బంపర్ జాకీ. నిలువు కమ్మీకి పళ్లు ఉంటాయి, బంపరుకి తగిలే కొక్కెం ఉన్న డబ్బా ఆ పళ్ల మీద టకటక ఎక్కాలి. ఎక్కలేదు. మూడు కోటింగుల రంగు పళ్ల సందుల్లో నిండిపోయి ఉంది. పానా కొనతో ఒక్కో పన్నూ గీకుతూ కూర్చున్నాను. ఇరవై నిమిషాల తర్వాత డబ్బా కదిలింది. పీఠం మట్టిలో పెట్టి లివరు కొడితే కారు లేచే బదులు పీఠం దిగింది. చెక్క ముక్క గుర్తొచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఒక పలకరాయి వెతికి తెచ్చి నా ముందు పెట్టింది, అంతే. అనుంటే బావుండేది.

కారు లేచింది. కమ్మీ కొద్దిగా వాలింది, నా గుండె ఇంకొద్దిగా. పానా తగిలించి నట్టు తిప్పాను. నట్టుతోపాటు చక్రం కూడా తిరిగింది. ఎంత తిప్పినా గిరగిర తిరుగుతుందే తప్ప నట్టు వదల్లేదు. అప్పుడు ఫోన్ లైటు వేసి, నేను స్కేలుతో కొలిచి అతికించిన ఆ స్టిక్కరుని మొదటిసారి చదివాను. "బండి లేపే ముందే నట్లు కాస్త వదులు చేయాలి" అని బొమ్మతో సహా ఉంది. కిందకి దించాను, వదులు చేశాను, మళ్లీ లేపాను. పోనీ, మన కారుకి రివర్స్ త్రెడ్ గొడవ లేదు, అదొక్కటే అదృష్టం. 1960ల నాటి క్రైస్లర్ వాళ్ల కార్లకి ఎడమవైపు చక్రాల నట్లు ఉల్టా తిప్పితేనే వదులవుతాయి. అది తెలియక వదులు చేస్తున్నాననుకుని పానా మీద ఎక్కి గెంతిన మిత్రుడొకడు ఉన్నాడు నాకు, బోల్టు విరిగేదాకా గెంతాడు. ఇంకొకడి కారుకి జాకీ తగిలించే చోటు తలుపు కింద రేకులో ఉంటుంది. అతను హ్యాండిల్ తిప్పుతుంటే జాకీ చక్కగా పైకి వచ్చింది, కారు అక్కడే ఉంది. తుప్పు పట్టిన రేకులోంచి జాకీ దూసుకుపోయింది. వీళ్లతో పోలిస్తే నాది పెద్ద కష్టమే కాదని ఆ చీకట్లో కాసేపు ఓదార్చుకున్నాను.

చక్రం ఊడింది. ఇక మీ వంతు. అరవై ఏళ్ల ఎదురుచూపు ఫలించే ఘడియ. మిమ్మల్ని లేపి నిలబెట్టి దొర్లించాను. రెండు అడుగులు దొర్లారు. మూడో అడుగుకి "దబ్" మని పక్కకి ఒరిగారు. బొటనవేలుతో నొక్కితే లోపలికి పోయింది.

అప్పుడు ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, ముందు మన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బండి బావుంది సార్, ఏ సంవత్సరం?" అన్నాడు. ఆ స్థితిలో కూడా చెప్పాను, చూడండి నా బుద్ధి. తర్వాత మిమ్మల్ని చూశాడు. లైటు వేసి పక్కగోడ మీద వేలు పెట్టి సాగదీశాడు. పగుళ్లు నోళ్లు తెరిచాయి. "ఇది మీకన్నా పెద్దదా సార్?" అన్నాడు. నిజమే, మీరు నాకన్నా పెద్దవారు. ఇప్పటి టైర్ల మీద చివరి నాలుగు అంకెలు చూస్తే ఏ ఏడాది ఎన్నో వారంలో పుట్టిందో తెలుస్తుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. వాడినా వాడకపోయినా పదేళ్లు దాటితే మార్చేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. మీ ఒంటి మీద ఆ అంకెలే లేవు, ఆ పద్ధతి రాకముందే పుట్టారు మీరు. పైగా మీరు లోపలి దారాలు ఏటవాలుగా అల్లిన పాత క్రాస్‌ప్లై రకం, బండికి ఉన్నవి దారాలు అడ్డంగా సాగే ఇప్పటి రేడియల్స్. ఒకే ఇరుసుకి అటొకటి ఇటొకటి వేస్తే బండి మన మాట వినదు. "గాలి కొట్టినా దీన్ని వేయకండమ్మా, దారిలో పేలుతుంది" అని అతను మా ఆవిడకి చెప్పాడు. నాకు చెప్పి లాభం లేదని అప్పటికే తెలిసిపోయినట్టుంది.

ఊడదీసిన చక్రాన్ని తిప్పి చూశాడు. చిన్న మేకు. ట్యూబ్‌లెస్ కాబట్టి గాలి మెల్లగా పోతోంది. "మేకు పీకకండి. అది ఉన్నంతసేపూ అదే బిరడా." లారీ బ్రేకులకి గాలి నింపే ట్యాంకు నుంచి ట్యూబు లాగి, అదే చక్రానికి గాలి కొట్టాడు. అదే చక్రాన్ని అదే చోట బిగించాం, ఒకదాని ఎదురు ఒకటిగా నట్లు. నేను కింద ఏదో చూద్దామని వంగబోతే భుజం పట్టి లాగి, "జాకీ మీదున్న బండి కింద తల పెట్టకూడదు సార్" అన్నాడు. వెళ్లేటప్పుడు తన లారీలోంచి ఒక చెక్క ముక్క తీసి ఇచ్చాడు, ఉంచుకోమని. జానెడు వెడల్పుది, మందపాటిది.

రెండున్నర గంటలు కష్టపడి ఊడదీసిన చక్రాన్నే మళ్లీ పెట్టుకుని బయలుదేరాం. మీరు డిక్కీలోకి ఎక్కలేదు, వంగిన బోల్టు ఒప్పుకోలేదు. వెనక సీట్లో, తొడుగు కప్పుకుని, కిటికీ పక్కన కూర్చుని వచ్చారు. మీ ఒళ్లో చెక్క ముక్క. మా ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "ఇంకా నేలకి తగల్లేదా అండీ?" అంది. రెండడుగులు తగిలిందని చెప్పాను.

అయ్యా, ఇప్పుడు విషయానికి వస్తున్నాను. మీకు రిటైర్మెంట్ ఇస్తున్నాను. హాల్లో గోడకి ఆనించి పెడతాను, కప్పు పక్కనే. వచ్చినవాళ్లు చూస్తారు, కళ్లు తడి చేసుకునేవాళ్లు చేసుకుంటారు. మీ స్థానంలో ఒక కొత్త రేడియల్‌ని నియమించాను. అతనికి నెలకోసారి గాలి చూస్తాను. కొత్త టైరుకి కూడా నెలకి ఒకటో రెండో పిఎస్‌ఐ దానంతటదే తగ్గుతుంది కాబట్టి మామూలుకన్నా కాస్త ఎక్కువే కొట్టించి ఉంచాను. బోల్టు కొత్తది వేయించాను, మరలకి గ్రీజు పెట్టాను. సీల్ రబ్బరు మార్చాను. జాకీ పళ్లకి రంగు మొత్తం గీకించేశాను. ప్రదర్శనలో మార్కులు కోస్తే కోయనీ. చెక్క ముక్కకి మాత్రం నల్ల రంగు వేయించాను, మరీ కొట్టొచ్చినట్టు కనిపించకుండా.

మీరు మంచివారే. మిమ్మల్ని పాడుచేసింది నేనే. హాల్లో ఏమైనా ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. ఈసారైనా.

ఇట్లు,
మీ డ్రైవరు

తా.క.: కాలితో కొట్టే గాలి పంపు కూడా కొత్తది కొన్నాను. డిక్కీలో అటూ ఇటూ దొర్లి చప్పుడు చేస్తోంది. అందుకని కొత్త స్టెప్నీ కింద పెట్టి, పైన వింగ్ నట్టు గట్టిగా బిగించేశాను.